సూడోమోనాస్ తోకదా తప్పు, మన కణాలదా?

కఫం_రిపోర్ట్: నాన్నకి బ్రాంకియెక్టాసిస్, అంటే శ్వాసనాళాలు శాశ్వతంగా సాగిపోయే జబ్బు. కఫం కల్చర్‌లో (ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) సూడోమోనాస్ అనే బాక్టీరియా వచ్చింది. దాని తోకే ఊపిరితిత్తుల కణాల్ని రెచ్చగొడుతుందని చదివాను. అంటే దోషి తోకే కదా?

కల్చర్_ప్లేట్: ల్యాబ్‌లో పనిచేసేవాడిగా చెప్తున్నా, పూర్తి తోక కాదన్నా. ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్లు వేలకొద్దీ పేనుకుంటేనే తోక. మన కణాల మీదున్న టీఎల్‌ఆర్5 అనే గ్రాహకం గుర్తుపట్టే భాగం ఆ పేనుడు లోపల దాగి ఉంటుంది. విడిపోయిన ప్రోటీన్ తగిలితేనే కణం ఐఎల్-8 అనే సంకేతం వదిలి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల్ని పిలుస్తుంది.

కఫం_రిపోర్ట్: విడిపోయినా తోకే కదా! ఇడ్లీ చిదిమితే ఇడ్లీ కాకుండా పోతుందా?

రాత్రి_డ్యూటీ: హహ, ఇడ్లీ

కల్చర్_ప్లేట్: సరే, తోకే అనుకుందాం. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బు ఉన్నవాళ్లలో ఏళ్ల తరబడి తిష్ఠ వేసిన సూడోమోనాస్ చాలాసార్లు తోక తయారుచేయడమే మానేసి జిగురు కప్పుకుంటుంది. తోక లేకపోయినా వాపు ఆగదే! దాని పై పొరలో ఎల్‌పీఎస్ అనే పదార్థం ఉంటుంది, దాన్ని పట్టే టీఎల్‌ఆర్4 మనకుంది. వచ్చిన న్యూట్రోఫిల్స్ వదిలే ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ శ్వాసనాళాల గోడల్నే తినేస్తుంది. నన్నడిగితే దోషి మన ఒళ్లే.

కఫం_రిపోర్ట్: మా డాక్టరూ అచ్చం ఇదే మాట అన్నాడు. ఒంటి కోపం తగ్గాలి అని స్టెరాయిడ్ రాశాడు. కల్చర్‌కి పంపమని మూడుసార్లు అడిగితే, గూగుల్ చూసి వచ్చావా అన్నాడు. నాలుగు నెలలయ్యాక వేరేచోట మేమే ఇచ్చుకుంటే, ల్యాబ్ అబ్బాయి ప్లేటు చూపించాడు, నీలం కలిసిన ఆకుపచ్చ. నాన్న అప్పటికి మెట్లెక్కడం మానేశారు. ఒళ్లే దోషి అంట!

కల్చర్_ప్లేట్: స్టెరాయిడ్‌ని అంత తేలిగ్గా తీసిపారేయకు. 2023లో ఫ్రాన్స్‌లో తీవ్రమైన నిమోనియాతో ఐసీయూలో ఉన్న దాదాపు 800 మంది మీద ట్రయల్ వచ్చింది. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో 28 రోజుల్లో చనిపోయింది 6.2 శాతం, ఇవ్వనివాళ్లలో 11.9.

రాత్రి_డ్యూటీ: అది ఐసీయూ నిమోనియా బాబూ, వాళ్ల నాన్నగారిది ఏళ్లనాటి జబ్బు. రెండూ కలిపేస్తావేంటి? పైగా ఆ ట్రయల్‌వాళ్లకి యాంటీబయాటిక్ కూడా నడిచింది.

కఫం_రిపోర్ట్: అదీ! నేను అడిగింది అసలు తోక గురించి కాదు. ఏం పెరుగుతోందో చూడకుండా ఒంటిని అణచొచ్చా అని.

కల్చర్_ప్లేట్: కూడదు. అందులో నేనూ నీవైపే, ముందే ఇలా అడగాల్సింది. ఏ మందుకి క్రిమి లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టులో టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ ఎదురుగా ఏముంది, ఎస్సా (లొంగుతుంది) ఆరా (లొంగదు)?

కఫం_రిపోర్ట్: ఎస్. కొత్త డాక్టరుగారు అదే మొదలుపెట్టారు, నెబ్యులైజర్‌లో.

కఫం_రిపోర్ట్: విడిపోయినా అది తోకే.