అప్‌డేట్: పీటర్‌బరో గోల్‌కీపర్ స్టీల్ ఎవరో తేలింది

పోయిన నెల నేనే అడిగాను: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ పీటర్‌బరో యునైటెడ్‌కి ఆడిన స్టీల్ అనే గోల్‌కీపర్, తర్వాత మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్‌లో స్పెయిన్ గోల్‌కీపర్ డేవిడ్ డి హేయాకి కోచింగ్ ఇచ్చాడని మా ఆఫీసులో ఒక పెద్దాయన అంటున్నారు, వయసు లెక్క అస్సలు కుదరడం లేదు, నిజమేనా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పెద్దాయన మాటే నిజం. నేను చూసింది అదే ఇంటిపేరున్న మరో గోల్‌కీపర్ ల్యూక్ స్టీల్ పేజీ. అతను పుట్టిందే 1984లో. పీటర్‌బరోలో మొదలై మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్లినవాడే కాబట్టి బోల్తా పడ్డాను. "ముందు పుట్టిన సంవత్సరం చూడండి" అన్న సలహాతోనే చిక్కు వీడింది. స్పెల్లింగ్ తేడా, మారుపేరు లాంటి అనుమానాలేవీ అక్కర్లేకపోయాయి.

అసలు మనిషి ఎరిక్ స్టీల్, 1954లో పుట్టాడు. 1973-74లో పీటర్‌బరో నాలుగో డివిజన్ (ఇంగ్లిష్ లీగ్‌లో నాలుగో అంచె) గెలిచినప్పుడు గోల్‌లో ఉన్నది ఇతనే. తర్వాత బ్రైటన్, వాట్‌ఫర్డ్, డెర్బీ క్లబ్‌లకి ఆడాడు. ఇంగ్లండ్ జట్టు గడప తొక్కలేదు. కోచ్‌గా మాత్రం 2008లో మాంచెస్టర్ యునైటెడ్‌కి చేరి, ముందు అక్కడి గోల్‌కీపర్ వాన్ డెర్ సార్‌తో, 2011 నుంచి డి హేయాతో పనిచేశాడు. కొత్తగా వచ్చిన కుర్రాడికి ఇంగ్లిష్ రాదని తానే స్పానిష్ నేర్చుకున్నాడట! నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. 2013లో మేనేజర్ ఫెర్గూసన్ రిటైరయ్యాక ఇతనూ ఆ క్లబ్ వదిలేశాడు.

పందెం ఓడిపోయాను కాబట్టి పెద్దాయనకి బిర్యానీ బాకీ.