గూడేలకు తిరగడానికి ఫోర్‌బైఫోర్: జిమ్నీ, థార్, గూర్ఖాలో ఏది?

సోలార్_హనుమకొండ:
సోలార్ పంపుల పని మీద హనుమకొండ నుంచి ములుగు జిల్లా తాడ్వాయి, కన్నాయిగూడెం, వాజేడు దిక్కు తిరగాలె. మనుషులం నలుగురం, పనిముట్లు కేబుళ్లు కలిపి 150 కిలోల దాకా సామాను. ఎక్కువ దూరం తారు రోడ్డే. చివరి ఐదారు కిలోమీటర్లతోనే తిప్పలు: నల్లరేగడి, ట్రాక్టర్లు తొక్కిన గాడులు, కల్వర్టు లేని వాగులు. జిమ్నీ, థార్, గూర్ఖా చూస్తున్న. కొత్త బండే కావాలె. అసలు ఫోర్‌బైఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి) అవసరమా, బొలెరో నియో సరిపోతదా?

ఇరుసు_నూనె:
బండి పేరు తర్వాత, ముందు బరువు లెక్క చూడన్నా. జిమ్నీ ఖాళీ బరువు దాదాపు 1,200 కిలోలు, సామానుతో కలిపి పరిమితి 1,545. అంటే మనుషులకూ సామానుకూ కలిపి 340 కిలోల దాకానే. మనిషికి 65 వేసుకున్నా నలుగురికి 260, మీ 150 కలిస్తే 410. అక్కడే తేలిపోయింది. లేకపోతే ఇరుకు అడవి బాటకు జిమ్నీని మించింది లేదు, వెడల్పు 1,645 మి.మీ. మాత్రమే. ఇక మూడు డోర్ల థార్‌లో వెనక సీటు మడిస్తేనే సామాను పడ్తది. నలుగురు కూర్చుంటే సీటు ఎట్ల మడుస్తరు?

మిగిలేవి ఐదు డోర్ల గూర్ఖా, డీజిల్ థార్ రాక్స్ (ఐదు డోర్ల థార్). రాక్స్ పెట్రోల్‌లో ఫోర్‌బైఫోర్ రాదు, షోరూంలో అడిగేటప్పుడు గుర్తుంచుకోండి. గూర్ఖాకు ముందూ వెనకా రెండు డిఫరెన్షియల్ లాకులు (ఒక ఇరుసు మీది రెండు చక్రాలూ కలిసే తిరిగేటట్టు బిగించేవి), కంపెనీ స్నార్కెల్ (ఇంజన్‌కు గాలిని పైనుంచి తెచ్చే గొట్టం) ఉంటయి. నీళ్లలో దిగే లోతు 700 మి.మీ. అని కంపెనీ లెక్క. రాక్స్‌కు 650, లాకు వెనక ఒక్కటే. కానీ తారు మీద గూర్ఖా మోటు బండి, రాక్స్ హాయిగా పోతది. రెండింటి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,800 మి.మీ. పైనే కాబట్టి వాగు గట్టు ఎక్కేటప్పుడు కడుపు ఆనుతది. గట్టు అంచును పారతో కోసి వాలు చేసుకోకుంటే అక్కడే ఊగుతరు.

బొలెరో నియో ఎన్10 (ఓ) వేరియంట్‌లో వెనక మెకానికల్ లాకు ఉంటది. రెండు చక్రాల తిరుగుడులో తేడా నిమిషానికి దాదాపు 100 చుట్లు దాటితే దానంతటదే పట్టుకుంటది. ఒక చక్రం గాల్లో లేస్తే బయటపడేస్తది. రెండూ బురదల మునిగితే లాగేందుకు ముందు చక్రాలకు ఇంజన్ బలం రాదు, లో రేంజ్ (మెల్లగా పోతూ ఎక్కువ బలంతో లాగే గేరు) కూడా లేదు. వానాకాలం పని ఆపుకుంటమంటే నియో చాలు. ఆపేది లేదంటే గూర్ఖా.

వాగు_దాటు:
పై లెక్కతో ఏకీభవిస్తున్నా, కానీ నల్లరేగడిలో గెలిపించేది బండి కన్నా టైరు. కంపెనీ ఇచ్చే టైరు మీద ఏ రకమో చూడండి. హైవే రకమైతే టైరు గాడుల్లో మట్టి నిండి పది మీటర్లకే నున్నటి గుండ్రాయిలా తయారవుతుంది. ఏటీ (ఆల్ టెర్రైన్, అన్ని రకాల నేలకూ పనికొచ్చే) రకం వేయించండి, సైజు మాత్రం కంపెనీదే ఉంచండి. పెద్ద సైజు వేస్తే లో రేంజ్ పట్టు తగ్గుతుంది, స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది. తారు వదలగానే గాలి 32 నుంచి 24 పీఎస్ఐకి దించండి, గోదావరి ఇసుకలో 18 దాకా. అంత తక్కువ గాలితో స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. మళ్లీ నింపడానికి బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే 12 వోల్టుల కంప్రెసర్ కొనండి. సిగరెట్ సాకెట్‌కు పెట్టేవి పెద్ద టైరుకు ఫ్యూజు కొట్టేస్తాయి.

ఈ ఫోర్‌బైఫోర్ బండ్లన్నీ పార్ట్‌టైమే, అంటే మనం వేసినప్పుడే నాలుగు చక్రాలకూ బలం వెళ్తుంది. ముందు, వెనక ఇరుసులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి ఆరిన తారు మీద ఫోర్ హై (మామూలు వేగాల ఫోర్‌వీల్) వేసి మలుపు తిప్పితే బండి బిగుసుకుంటుంది, మళ్లీ టూవీల్‌కు మారదు. అప్పుడు చక్రాలు తిన్నగా పెట్టి కొద్ది దూరం రివర్సు తీస్తే వదులుతుంది. ‘ఫోర్ లో’ (లో రేంజ్) వేయాలంటే బండి పూర్తిగా ఆపాలి. బురదలో దిగాక కాదు, దిగక ముందే.

కంపెనీ చెప్పే 700, 650 నిలకడ నీళ్ల లెక్క. 2023 జూలైలో లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. వాన పడింది, జంపన్న వాగు కొండాయి ఊరిని ముంచేసింది. పారే నీళ్లు మోకాలు దాటితే ఏ బండీ దిగకూడదు. లోతు తెలియాలంటే కర్రతో నడిచి చూడాలి, నడవడానికి భయమైతే బండికీ భయమే. దిగితే ‘ఫోర్ లో’లో రెండో గేరు, ఒకే వేగం, మధ్యలో క్లచ్ తొక్కొద్దు. ఇంజన్ ఆగిపోతే తాళం తిప్పొద్దు: సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు బీమా పాలసీలో దీనికి డబ్బు రాదు. ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్‌ఆన్ మొదటి రోజే తీసుకోండి.

సోలార్_హనుమకొండ:
గూర్ఖా వైపే మనసు పోతున్నది. ఇరుక్కుంటే ఊర్ల ట్రాక్టర్ ఎట్లా ఉంటది, రికవరీ సామాను కొనాల్నా?

ఇరుసు_నూనె:
కొనాలె. ట్రాక్టరోళ్లు ఇనుప గొలుసు తగిలిస్తరు, కుదుపుకు హుక్కు తెగితే గొలుసు అద్దంలకే వస్తది. సాగే రికవరీ తాడు, ముప్పావు ఇంచు షాకిళ్లు (తాడును హుక్కుకు కలిపే ఇనుప కొక్కేలు) రెండు తెచ్చుకోండి. షాసీకి బిగించిన కంపెనీ హుక్కుకే తగిలించాలె, ఇరుసుకు కాదు. తాడు మధ్యల తడి గోనె సంచి వేయించి, చుట్టూ మూగిన జనాన్ని దూరం పంపండి. జాకీ కింద పెట్టనీకి అడుగు చదరపు మందపు చెక్క లేకుంటే నల్లమట్టిల జాకీ దిగుతది గని బండి లేవదు.

నీళ్లల్ల దిగొచ్చిన వారంల డిఫరెన్షియల్ నూనె చూపించాలె. పాల లెక్క తెల్లగుంటే నీళ్లు చేరినట్టే, మార్చక తప్పదు. వేడి ఇరుసు చల్లటి నీళ్లల్ల పడితే లోపలి గాలి ముడుచుకొని సీళ్ల సందుల నుంచి నీళ్లు గుంజుకుంటది. అందుకే బ్రీదర్ గొట్టం (ఇరుసు లోపలికి గాలి వచ్చిపోయేది) పైదాకా ఉన్నదో లేదో షోరూంలోనే వంగి చూడండి. గూర్ఖా వెనక బ్రేకులు డ్రమ్ములు, బురద లోపలే ఎండుతది. వానాకాలంల సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా విప్పి కడగమని చెప్పండి. సర్వీసు సెంటర్ మీకెంత దూరమో, క్లచ్ ప్లేటు, ఎయిర్ ఫిల్టర్ స్టాకుల ఉంటయో లేవో అడ్వాన్సు కట్టక ముందే ఫోన్ చేసి అడగండి.