పుష్కరాల రేవులో వారం వారం కార్యక్రమాలు పెట్టాలా, రేవుని రేవులా వదిలేయాలా?

గోదారోడు_హైదరాబాద్:
రాజమండ్రి వాళ్లందరికీ నమస్కారం. 2027లో మళ్లీ పుష్కరాలు. ఎలాగూ రేవులన్నీ బాగుచేస్తారు, రంగులేస్తారు, పన్నెండు రోజులు హడావుడి చేస్తారు, ఆ తర్వాత పన్నెండేళ్లు ఎవరూ అటు చూడరు. అలాకాకుండా పుష్కరాల రేవులో ప్రతి శని, ఆదివారాలు సాయంత్రం ఏదో ఒకటి జరిగేలా చూస్తే ఎలా ఉంటుంది? హరికథ, బుర్రకథ, కూచిపూడి, పిల్లల పాటల పోటీలు, పక్కన బజ్జీలు, పూతరేకులు, రోజ్ మిల్క్. ఆర్చి వంతెన, పాత హేవలాక్ వంతెన కనబడుతుంటే ఇంతకన్నా మంచి స్టేజీ ఎక్కడ దొరుకుతుంది? ఇప్పుడు హారతి అయిపోగానే జనం చెప్పులు వెతుక్కుని ఇళ్లకు పోతున్నారు. ఏమంటారు?

పులసప్రియ:
సూపర్ ఐడియా. పార్కింగ్ ఎక్కడ?

గట్టు_వాసి:
బాబూ, మీరు హైదరాబాద్‌లో కూర్చుని హరికథలు పెట్టిస్తారు, వినాల్సింది మేము. మా ఇల్లు గోదావరి గట్టు మీద, మా తాతగారు కట్టింది. హరికథకి నేను వ్యతిరేకం కాదు, మైకుకి వ్యతిరేకం. చట్టం ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు, రాత్రి పది తర్వాత మైకే ఉండకూడదు. ఎవరు పాటిస్తున్నారు? రెండేళ్ల కిందట మా నాన్నగారి తద్దినం నాడు రేవులో సంకల్పం చెప్పుకుంటుంటే పక్కనే ఎవరో సాయంత్రం ప్రోగ్రాంకి మైకు టెస్టింగ్ మొదలెట్టారు. పురోహితుడు మా గోత్రం చెప్తుంటే "హలో హలో వన్ టూ త్రీ". పిండాలు చేతిలో పెట్టుకుని నేను వెళ్లి బతిమాలితే ఆ కుర్రాడు "ఐదు నిమిషాలు సార్" అన్నాడు, ముప్పావుగంట పట్టింది. ఇదండీ మీ స్టేజీ.

బజ్జీల_బండి:
మాస్టారూ ఆ కుర్రాడిది తప్పే. కానీ ఒక మైకు కోసం రేవంతా నిశ్శబ్దంగా ఉండాలంటే ఎలాగండి. అది ఎప్పుడైనా నిశ్శబ్దంగా ఉందా? 1974లో రోడ్డు-రైలు వంతెన వచ్చేదాకా కొవ్వూరు పోవాలంటే, రైలెక్కని వాళ్లు లాంచీ ఎక్కాల్సిందే. మా తాత ఆ లాంచీల జనానికి వేరుశనక్కాయలు అమ్మాడు, మా నాన్న పాపికొండల టూరిస్టులకి టీ అమ్మాడు, నేను బజ్జీలేస్తున్నాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగాక ఆ ప్రయాణాలు చాలాకాలం ఆగిపోయాయి, మా బేరం సగానికి పడిపోయింది. ఇప్పుడు జనం వచ్చేది హారతికి, కార్తీక మాసానికి, ఇంకెవరైనా ఏదైనా పెడితే దానికి. వారం వారం ఏదో ఒకటి ఉంటే మాలాంటి వాళ్లం నాలుగు డబ్బులు చూస్తాం.

గట్టు_వాసి:
నేను బేరం గురించి మాట్లాడలేదు. మైకు గురించి అడిగాను. పది తర్వాత ఆపుతారా, ఆపరా?

కొవ్వూరు_ప్యాసింజర్:
మా గోష్పాద క్షేత్రంలో పెట్టుకోండి, అక్కడ ఎవరూ గొడవ చేయరు 😄

దొప్పదీపం:
మగవాళ్లిద్దరూ మైకు దగ్గరే ఆగిపోయారు. నేను చెప్పేది కాస్త వినండి. రేవులో లైట్లు పెరిగాక, జనం ఉండడం మొదలయ్యాక, మేము సాయంత్రం ఒంటరిగా వెళ్లగలుగుతున్నాం. నా చిన్నప్పుడు చీకటి పడితే అటు పంపేవారు కాదు. పోలి స్వర్గం నాడు తెల్లవారుజామున అరటి దొప్పలో దీపం వదలడానికి కూడా గుంపుగా వెళ్లాల్సి వచ్చేది. కాబట్టి కార్యక్రమాలు రానివ్వండి. కానీ హైదరాబాద్ అబ్బాయి కూడా ఒకటి ఆలోచించాలి: అన్నీ పుష్కరాల రేవులోనేనా? 2015 జులై 14న, పుష్కరాల మొదటి రోజు పొద్దున్నే అక్కడ తొక్కిసలాటలో 27 మంది పోయారు. కోటిలింగాల రేవు అంత పొడుగ్గా ఉండి కూడా చాలామంది పుష్కరాల రేవులో మునిగితేనే పుణ్యం అనుకున్నారు. ఇప్పుడు మళ్లీ ఏడాది పొడుగునా "ఏదైనా అక్కడే" అని జనానికి అలవాటు చేస్తే 2027లో ఎక్కడికి పోతారు వాళ్లంతా? గౌతమి ఘాట్, సరస్వతి ఘాట్, కోటిలింగాల అన్నీ ఉన్నాయి. వారానికొక చోట పెట్టండి. ఆడవాళ్లకి బట్టలు మార్చుకోడానికి గది, టాయిలెట్ ముందు పెట్టి, స్టేజీ తర్వాత కట్టండి.

గోదారోడు_హైదరాబాద్:
మంచి పాయింట్ అక్కా. కానీ పుష్కరాల రేవుకి ఉన్న పేరు వేరు కదా, గోదావరి స్టేషన్ దగ్గరే, కొత్తగా వచ్చినవాళ్లకి అదే తెలుసు.

దొప్పదీపం:
అదే కదా నేను చెప్తున్నది!

గట్టు_వాసి:
ఆవిడ చెప్పిన జనం సంగతి సరే. నా మైకు ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. ఇంకోటి, ఇలాంటి కార్యక్రమాలు అయ్యాక శుభ్రం చేసేదెవరు? 2022 జులై వరదకి ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగుల మూడో ప్రమాద హెచ్చరిక దాటింది, గుర్తుందా? నీళ్లు తీశాక కింది మెట్లన్నీ పిక్కల లోతు ఒండ్రు. పారలతో ఎత్తి, నీళ్లు కొట్టి కడిగారు. వరదైతే ఒండ్రు మాత్రమే వదులుతుంది. మీ వారాంతం కార్యక్రమం అయితే కాగితం ప్లేట్లు, నూనె వదులుతుంది.

బజ్జీల_బండి:
నూనె అని నన్నే అంటున్నారా?

గట్టు_వాసి:
ఎవరికి తగలాలో వాళ్లకి తగులుతుంది.

పులసప్రియ:
🍿

బజ్జీల_బండి:
అయితే ఓపెన్‌గానే మాట్లాడుకుందాం. పోయిన కార్తీకంలో మా బండ్లన్నీ తీయించారు. రెండు రోజుల ముందు వచ్చి "గట్టు మీద ఉన్నవాళ్లు అర్జీ పెట్టారు, వెనక్కి జరగండి" అన్నారు. ఏడాదిలో మాకు పంటొచ్చే నెల అదొక్కటే. వాము పెట్టిన మిరపకాయ బజ్జీకి ఆ చలిలో వరస కట్టేవాళ్లు, అలాంటిది వెనక సందులోకి తోసేస్తే ఎవడొస్తాడండి? ఇంటికి రెండు బస్తాల శనగపిండి వెనక్కి తీసుకెళ్లాను, పురుగు పట్టింది. ఆ అర్జీ పెట్టింది ఎవరో ఈ చర్చలోనే ఉన్నారని నాకు అనుమానం.

గట్టు_వాసి:
అనుమానం ఎందుకు? నేనే పెట్టాను. పేరు పెట్టి, సంతకం పెట్టి ఇచ్చాను. బండ్లు తీసేయమని రాయలేదు. "మెట్ల మీద మూకుళ్లు, నూనె డబ్బాలు కడగకుండా చూడండి" అని రాశాను. స్నానానికి దిగిన ఒక ముసలావిడ ఆ జిడ్డు మీద జారి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. వాళ్లు మొత్తం బండ్లే లేపేస్తే అది నా తప్పా?

బజ్జీల_బండి:
మరి ఆ మాట నాతో అనొచ్చు కదండి! రోజూ నా బండి ముందు నుంచే వాకింగ్‌కి పోతారు. ఒక్కసారి ఆగి "ఒరేయ్ ఇక్కడ కడగొద్దురా" అంటే అయిపోయేది. మీరు కాగితం రాశారు. అసలు సంగతి మైకు కాదు మాస్టారూ. రేవు మీ ఇంటి వాకిలి అనుకుంటున్నారు. స్నానం, తర్పణం, వాకింగ్, అంతే ఉండాలి మీ లెక్కలో. తాడుకి అయస్కాంతం కట్టి నీళ్లలో చిల్లర ఏరుకునే పిల్లలు, పడవల వాళ్లు, మేము, మా అందరినీ చూస్తే మీకు చెత్తలా కనబడతాం.

గట్టు_వాసి:
ఆ మాట వెనక్కి తీసుకో.

బజ్జీల_బండి:
తీసుకోను.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఒకరి ఇంటి గురించి, ఒకరి బేరం గురించి వ్యక్తిగతంగా వద్దు.

గట్టు_వాసి:
తగ్గాను. కానీ చెప్పాల్సింది చెప్తాను. వాకిలి అనుకుంటాను, నిజమే. అనుకోబట్టే తెల్లారి వెళ్లి చీపురు పడతాను, దొప్పలు ఒడ్డుకి కొట్టుకొచ్చి వత్తులతో సహా మెట్లకి అంటుకుపోతే ఏరి పారేస్తాను. మీ కార్యక్రమాల వాళ్లు ఎవరైనా మర్నాడు పొద్దున కనబడ్డారా? షామియానా విప్పుకుని పోతారు. రేవుని వాడుకునేవాళ్లు ఎవరైనా సరే, బజ్జీలవాడైనా పాటగాడైనా, మర్నాడు దాని మొహం చూసేవాళ్లయితే నాకు ఇబ్బంది లేదు. వచ్చిపోయే వాళ్ల కోసం నేను నిద్ర పాడుచేసుకోను.

దొప్పదీపం:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. బండి గారూ, మీకూ ఒక మాట. కార్యక్రమాలు పెరిగితే మీకు బేరం పెరుగుతుందని ఎవరు చెప్పారు? మా ఆడపడుచు వాళ్ల ఊళ్లో ఇలాగే మొదలెట్టారు, స్టాళ్లకి టెండర్ పెట్టారు, బయటి నుంచి పెద్దవాళ్లు వచ్చి స్టాళ్లు దక్కించుకున్నారు. తోపుడు బండ్లని ఆ రెండు రోజులు గేటు లోపలికే రానివ్వలేదు. హైదరాబాద్ అబ్బాయి "పక్కన బజ్జీలు, పూతరేకులు" అని రాశాడు. మీ బండి అన్నాడా?

గోదారోడు_హైదరాబాద్:
అక్కా, నా ఉద్దేశం లోకల్ వాళ్లకే ఇవ్వాలని.

దొప్పదీపం:
ఉద్దేశం టెండర్ కాగితంలో ఉండదు బాబూ.

కొవ్వూరు_ప్యాసింజర్:
అక్క ఫామ్‌లో ఉంది.

బజ్జీల_బండి:
అమ్మా మీరు చెప్పింది కరెక్టే, నాకూ ఆ భయం ఉంది. కానీ వద్దంటే ఉన్నదీ పోతుంది. కావాలనే అంటాను, రేవు మీద ఇప్పటికే ఉన్న బండ్లకి ముందు చోటిచ్చాకే బయటివాళ్లకి అని రాయించాలి. మాస్టారూ, మీకు సంతకం పెట్టి అర్జీలు రాయడం వచ్చు కదా. ఇదీ రాసి పెట్టండి. నేను మూకుడు ఇంటికి తీసుకెళ్లి కడుక్కుంటాను.

గట్టు_వాసి:
రాస్తాను. అందులోనే మైకు పది గంటలకి ఆపాలనీ రాస్తాను, నువ్వు కింద సంతకం పెట్టాలి.

బజ్జీల_బండి:
కార్తీక పౌర్ణమి ఒక్కరోజు పదకొండు దాకా అండి.

గట్టు_వాసి:
పది.