నంపై అర్రేను సి లైబ్రరీకి పంపితే సగటు 2.5 బదులు 0.96875 వస్తోంది

మోటారుగది:
పంపు మోటార్ల కంపనాలు కొలవడానికి మా పనిచోట ఒక సెన్సార్ కొన్నాం. దానితోపాటు ఒక సి లైబ్రరీ, హెడర్ ఫైలు ఇచ్చారు, వివరణ పత్రం మాత్రం లేదు. సి ఫంక్షన్లను పైథాన్ నుంచి నడిపించే సీటైప్స్ మాడ్యూల్‌తో దాన్ని పిలుస్తున్నాను. సగటు కట్టే ఫంక్షన్ అడిగేవి రెండే: ఫ్లోట్ పాయింటర్ (దశాంశ సంఖ్యలు మెమరీలో ఎక్కడ మొదలవుతాయో చెప్పే చిరునామా), ఎన్ని విలువలో చెప్పే అంకె. పరీక్షకు 1.0, 2.0, 3.0, 4.0 ఉన్న అర్రేను (పైథాన్ లెక్కల లైబ్రరీ నంపైలో అంకెల వరుస) డేటా_యాజ్‌తో ఫ్లోట్ పాయింటర్‌గా మార్చి పంపాను. ఎర్రర్ లేదు, క్రాష్ లేదు. ఎన్నిసార్లు నడిపినా 0.96875. రిటర్న్ టైపు సీ_ఫ్లోట్ అనే పెట్టాను. అమ్మినవాళ్లకు ఘాటుగా ఒక ఉత్తరం రాసి, పంపే ముందు ఇక్కడ అడుగుతున్నాను.

పాతకంపైలర్:
ఉత్తరం ఆపండి. నంపై దశాంశ సంఖ్యలను మామూలుగా ఫ్లోట్64గా, ఒక్కొక్కటి 8 బైట్లలో ఉంచుతుంది. సి ఫ్లోట్‌కు 4 బైట్లే. డేటా_యాజ్ డబ్బా మీది చీటీ మారుస్తుంది కానీ లోపలి సరుకును ముట్టుకోదు. మీ 1.0ను లైబ్రరీ రెండు ముక్కలుగా చదివింది: 0, 1.875. మీ 2.0ను కూడా అంతే: 0, 2.0. నాలుగు విలువలూ అయిపోయాయి, అక్కడే ఆగింది. కూడితే 3.875, నాలుగుతో భాగించి చూసుకోండి. మీ 3.0, 4.0ల గడప కూడా తొక్కలేదు! అర్రే చేసేటప్పుడే డీటైప్ (విలువల రకం) ఫ్లోట్32, అంటే 4 బైట్లది, అని ఇవ్వండి.

మోటారుగది:
2.5 వచ్చిందండీ! ఇక అసలు రీడింగులు: 1024 అడ్డు వరుసలు, ఎక్స్, వై, జడ్ అని 3 నిలువు వరుసలు. సెన్సార్‌ను బల్లమీద కదలకుండా పెట్టి, జడ్ నిలువు వరుసను మాత్రమే విడదీసి పంపాను. గురుత్వాకర్షణ వల్ల 9.8 దగ్గర ఉండాలి, 3.27 వస్తోంది.

పాతకంపైలర్:
సరిగ్గా మూడో వంతు. నిలువు వరుసను విడదీసినప్పుడు నంపై నకలు తీయదు. అదే మెమరీలో 12 బైట్లకొకసారి దూకాలని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. పాయింటర్ వెంట ఆ గుర్తు వెళ్లదు. లైబ్రరీ దూకకుండా జడ్, ఎక్స్, వై అన్నీ వరుసబెట్టి చదివేసింది. యాస్‌కంటిగ్యువస్‌అర్రేతో విలువలన్నీ పక్కపక్కనే ఉండే నకలు తీసి పంపండి.

నకలుకాపీ:
ఆ నకలుకు ఒక పేరు పెట్టి ఉంచుకోండి. పేరు లేకుండా దాని చిరునామా అంకెను మాత్రమే తీసుకుంటే, ఫంక్షన్ దాకా వెళ్లేలోపే పైథాన్ ఆ అర్రేను పారేస్తుంది. నాకు ఇలా ఒక వారం పోయింది, ఎందుకంటే పది సార్లలో తొమ్మిది సార్లు జవాబు సరిగ్గానే వచ్చేది. అసలు ఆర్గ్‌టైప్స్‌లో (ఫంక్షన్‌కు ఏ రకం విలువలు ఇవ్వాలో సీటైప్స్‌కు చెప్పే జాబితా) నంపై వారి ఎన్‌డీపాయింటర్ పెట్టి, ఫ్లోట్32 అనీ, సి_కంటిగ్యువస్ (విలువలు పక్కపక్కనే ఉండాలి) అనీ రాసి, అర్రేనే నేరుగా ఇస్తే మీ రెండు తప్పులూ పైథాన్ దగ్గరే ఎర్రర్ కొట్టి ఆగేవి.

మోటారుగది:
9.79. ఉత్తరం చెరిపేశాను. ఎన్‌డీపాయింటర్ పెట్టి పాత స్క్రిప్టు నడిపితే మరో రెండు చోట్ల ఆగింది. పోయిన నెల గ్రాఫులన్నీ మళ్లీ గీయాలి, వాటిని మా మేనేజరు గోడకు అంటించారు.