విశాఖలో రోడ్డు తవ్వే ముందు జీపీఆర్ సర్వే తప్పనిసరి చేయాలా?

ఎంవీపీ_వాసి:
పోయిన నెల మా వీధిలో ఇంటర్నెట్ కేబుల్ కోసం రోడ్డు కింద అడ్డబోరు కొడుతూ మంచినీళ్ల పైపు పగలగొట్టారు. కుళాయి ఆగిపోయింది, తిరిగొచ్చాక బురదనీళ్లొచ్చాయి. అడిగితే "మ్యాపులో లైను లేదండి" అన్నారు. 2014లో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మన ఊళ్లో చాలాచోట్ల కరెంటు తీగల్ని కూడా భూమిలో వేశారు. గునపం దానికి తగిలితే పోయేది కూలీ ప్రాణం. తవ్వకుండానే లోపలున్నది చూపించే గ్రౌండ్ పెనిట్రేటింగ్ రాడార్ (జీపీఆర్) ఉండగా, ఆ సర్వే లేకుండా పర్మిషన్ ఎందుకివ్వాలి? తప్పనిసరి చేయాల్సిందేనంటాను.

కాంట్రాక్టు_పని:
మాస్టారూ, మీ బాధ న్యాయమైనదే. కానీ పది మీటర్ల తవ్వకానికి కూడా సర్వే అంటే చిన్న కాంట్రాక్టరు తట్టుకోలేడు. తవ్వబోయేవాళ్లు లైన్లున్న సంస్థలకు ముందే కబురు పెట్టడానికి 2023లో కేంద్రం 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ తెచ్చింది. ముందు అది అందరిచేతా వాడించండి. పైగా 2025 ఫిబ్రవరిలో తెలంగాణలో ఎస్‌ఎల్‌బీసీ సాగునీటి సొరంగం కూలి కార్మికులు లోపల చిక్కుకున్నప్పుడు చూశాం కదా. జీపీఆర్ తెచ్చి వెతికారు, తీరా మొదటి మృతదేహం జాడ పట్టడానికి కేరళ పోలీసు కుక్కలు రావాల్సొచ్చింది.

పైపుల_సర్వే:
నేను చేసేది ఈ పనే, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

సొరంగంతో పోలిక సరికాదండి. అక్కడ నీళ్లు, బురద, విరిగిన బోరింగ్ మెషీన్ ఇనుము అన్నీ కలిసిపోయి ఉన్నాయి. రాడార్‌కి అంతకంటే గడ్డు చోటు ఉండదు. రోడ్డు కింద ఒకటి రెండు మీటర్ల లోతులో పైపు వెతకడం వేరే పని.

మేం రోడ్డు మీద తోసే జీపీఆర్ బండికి ఉన్న యాంటెన్నా రేడియో తరంగాన్ని భూమిలోకి పంపుతుంది. మట్టి గుణం మారిన చోట కొంత తిరిగొస్తుంది. ఇనుప పైపయితే గట్టిగా తిప్పికొడుతుంది. ప్లాస్టిక్ పైపు చుట్టూ మట్టిని బట్టి కనపడొచ్చు, కనపడకపోవచ్చు. రోడ్ల కింద మేం ఎక్కువగా వాడేది 400 మెగాహెర్ట్జ్ ప్రాంతం యాంటెన్నా. పైపుకి అడ్డంగా బండి తోస్తే తెరమీద బోర్లించిన గిన్నె అంచులాంటి వంపు వస్తుంది. పైపు వెంబడే తోస్తే మాత్రం అడ్డగీత వస్తుంది, అనుభవం లేనివాడు దాన్ని మట్టి పొర అనుకుంటాడు. అందుకే నిలువూ అడ్డం రెండు వైపులా గళ్లుగా తిప్పాలి. మధురవాడ వైపు కొండవాలు వీధుల్లో ఇంకో చిక్కు. ఖోండలైట్ రాయి కుళ్లి మట్టయిన చోట మధ్యలో మిగిలిన గుండ్రాయి కూడా అదే వంపు చూపిస్తుంది. బండి తోసిన పక్క వరసలోనూ, ఆ పక్క వరసలోనూ దాదాపు అదే లోతులో వంపు కనపడుతూ పోతే పైపు. ఒక్కచోటే ఆగిపోతే రాయి అయ్యుండొచ్చు.

ఇక మన ఊరి అసలు సమస్య ఉప్పు. బీచ్ రోడ్డులో ఎండిన ఇసుక బాగా చూపిస్తుంది, ఉప్పునీటి మట్టం తగిలాక తెర చీకటే. పోర్టు చుట్టూ పాత ఉప్పుటేరు చిత్తడి నేలల్లో, బంకమట్టిలో, తరంగం పైపైనే ఇంకిపోతుంది. అక్కడ "ఏమీ కనపడలేదు" అని రిపోర్టు ఇస్తే, దాన్ని "ఏమీ లేదు" అని చదువుకుని తవ్వుతారు. నాకు భయం అక్కడే. ఇళ్లకు వెళ్లే అర అంగుళం కనెక్షన్లు కూడా దీనికి దొరకవు. మీటరు లోతులో ఉన్నది ఎనిమిది, పది సెంటీమీటర్ల లావైనా ఉండాలన్నది మా లెక్క.

కాబట్టి తప్పనిసరి చేయండి, కానీ ఒక్క జీపీఆర్‌ని కాదు. కరెంటు కోసం భూమిలోని తీగని పట్టే కేబుల్ లొకేటర్, లైన్లు దాటే ప్రతిచోటా చేత్తో తీసిన ట్రయల్ పిట్, అంటే చూసుకోవడానికి చిన్న గుంత. భూమిలోని లైన్ల సర్వేకి బ్రిటన్‌లో పాటించే పాస్ 128 ప్రమాణంలో కూడా గుంత తీసి కంటితో చూసినదానికే పై గ్రేడు, రాడార్ పట్టినదానికి ఆ కింది గ్రేడు.

కాంట్రాక్టు_పని:
పిట్ తీయడం నాకు సమ్మతమే. ఖర్చు ఎవరిదన్నదే నా ప్రశ్న.

రిటైర్డ్_ఫిట్టర్:
బాబూ, పాత లైన్లు ఎక్కడ మలుపు తిరిగాయో మాలాంటి వాల్వ్ పనివాళ్లకి తెలుసు. మేం పోతే అదీ పోతుంది. సర్వేకి వెళ్లినప్పుడు మమ్మల్ని కూడా పిలవండి, వాల్వ్ గుంత నుంచి మొదలుపెడితే వెతుకులాట సగం తగ్గుతుంది.

పైపుల_సర్వే:
నిజమండి, ఎక్కడికెళ్లినా మేం ముందు వెతికేది మీలాంటివాళ్లనే. ఖర్చు సంగతి: తవ్వేవాడే పెట్టుకోవాలి, కానీ దొరికిన లైను లోతుతో సహా నగరపాలక సంస్థ మ్యాపులోకి ఎక్కాలి. ఇవాళ ఫైబర్‌వాడు కనుక్కున్నది వాడి లాప్‌టాప్‌లోనే ఉండిపోతోంది, ఆర్నెల్లకి గ్యాస్‌వాడు అదే వీధిలో మళ్లీ సర్వే చేయిస్తున్నాడు. మ్యాపులో ఎక్కిన వీధికి రెండోవాడు పిట్ ఒక్కటి తీస్తే సరిపోతుంది.

ఎంవీపీ_వాసి:
ఈ షరతులతో ఒప్పుకుంటాను. వార్డు ఆఫీసులో ఇచ్చే వినతిపత్రంలో మ్యాపు మాటే ముందు రాస్తాను. మరి పైపు పగిలి నీళ్లు పోతున్నప్పుడు అత్యవసరంగా తవ్వేవాళ్ల సంగతేంటి? వాళ్లకి మినహాయింపు ఇవ్వాలా?

పైపుల_సర్వే:
రాడార్‌కి ఇవ్వండి, తడిసి ముద్దయిన మట్టిలో అది ఎలాగూ సరిగా చూపించదు. కేబుల్ లొకేటర్‌కి మాత్రం వద్దు. అది చేతిలో పట్టుకుని గుంత చుట్టూ తిప్పడానికి కొద్ది నిమిషాలు పడుతుంది, గునపం వేసే కూలీకి ఆ కాస్త సమయం ఇవ్వలేనంత అత్యవసరం ఏదీ లేదు.