హరిని హరి పట్టి మ్రింగెను హరి హసింప

నెల్లూరు (నిర్వాహకుడు): ఈ వారం సమస్య, అంటే మీరు చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాల్సింది, పైనున్న తేటగీతి పాదమే. అమరకోశం నానార్థవర్గంలో ఒక్క ‘హరి’కి 13 అర్థాలున్నాయి: యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప. విశేషణమైతే కపిలవర్ణం కూడా. హరిహరనాథుడికి భారతం అంకితమిచ్చిన తిక్కనగారి ఊరి నుంచి అడుగుతున్నాను, గణాలు కిట్టిస్తే చాలదు. ఆ నవ్వెందుకో తెలియాలి.

కావలి:
చెఱువు కట్టను వానలోఁ జేరి కప్ప
పాట పాడఁగ విని వచ్చెఁ బాము వడిగ
కొమ్మపై నున్న కోఁతికిఁ గొంటెతనము
హరిని హరి పట్టి మ్రింగెను హరి హసింప

ఒంగోలు:
పండు ననుకొని మింటికిఁ బాఱె నతఁడు
అంజనాపుత్రు సాహస మద్భుతంబు
వేయికన్నుల దొర చూడ వింతగాను
హరిని హరి పట్టి మ్రింగెను హరి హసింప

నెల్లూరు: కావలి తమ్ముడూ, నడక బాగుంది. కానీ కప్ప, పాము, కోతి అని ముందే పేర్లు చెప్పేస్తే చివరి పాదానికి ఇంకేం పని మిగిలింది? ఒంగోలు మాస్టారూ, ‘పండు ననుకొని’ చెల్లదు, ఉత్వసంధి తప్పదు, ‘పండనుకొని’ అయిపోతుంది. ‘పండటంచును’ అనండి, గణం చెడదు. అసలు చిక్కు కథలో ఉంది. రామాయణంలో హనుమ సూర్యుణ్ణి మింగలేదు, మధ్యలోనే వజ్రం తగిలి దవడ విరిగింది. కొట్టిన ఇంద్రుడు నవ్వడమేంటండీ?

ఒంగోలు: ఒప్పుకుంటున్నా. యతి కుదిరిన సంబరంలో కథ మర్చిపోయా.

ఉదయగిరి: గ్రహణం రోజు మా నాయనమ్మ పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టేది. ‘పాము మింగుతోంది, బయటికి రాబాకండి’ అని పిల్లల్ని అరిచేది. ఆ పామే ఇది.
తల మిగిలెఁ గాని మొండెము తనకు లేదు
మ్రింగినది యెల్ల మెడనుండి మెల్లఁ జాఱు
పున్నమకు వచ్చి పొగరుతోఁ బొంచి మఱల
హరిని హరి పట్టి మ్రింగెను హరి హసింప

నెల్లూరు: అక్కా, భలే! చంద్రుడు, రాహువు, విష్ణువు. ఆ తల నరికింది విష్ణుచక్రమే, మింగినా కడుపు లేదని ఆయనకే బాగా తెలుసు. నవ్వు అక్కడ పుట్టింది. ఒక్క పేరూ బయటపెట్టలేదు చూశారా?

కావలి: నాదీ సవరించా అన్నా.
చెఱువు కట్టను వానలోఁ జేరి యొకటి
పాట పాడఁగ విని వచ్చెఁ బ్రాఁకి యొకటి
కొమ్మపై నున్న దొకదాని కొంటెతనము
హరిని హరి పట్టి మ్రింగెను హరి హసింప
నిజానికి మా చెరువు దగ్గర కోతి నవ్వలేదు, నా చేతిలో అరటిపండు లాక్కుపోయింది.