జనరేటర్ ఇంజిన్ హెడ్: సీట్లు కోయించాక వాల్వ్ స్ప్రింగుల కింద షిమ్ (పలుచని వాషర్) వేయాలా?

మాది పాలకొల్లు దగ్గర. రొయ్యల చెరువులో కరెంటు పోతే ఏరేటర్లకు జనరేటరే దిక్కు. దాని మూడు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ హెడ్ దింపాం. పాత స్ప్రింగుల మీద తుప్పు గుంటలు ఉన్నాయి, ఉప్పుగాలి వల్లే అనుకుంటున్నాను. స్ప్రింగు విరిగితే అలాంటి గుంట దగ్గరే విరుగుతుంది, కాబట్టి అన్నీ కొత్తవే వేస్తున్నాం.

అసలు సందేహం ఇది. భీమవరంలో సీట్లు (వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే అంచులు) కోయించాక వాల్వులు కాస్త లోపలికి దిగాయి. వాల్వు కాడ పైకి ఎక్కువగా వచ్చింది, అంటే స్ప్రింగు కూర్చునే ఎత్తు పెరిగి, వాల్వు మూసుకున్నప్పుడు బిగువు తగ్గుతుంది. మెకానిక్ గారు అన్నిటికీ 1 మి.మీ. షిమ్ వేసేద్దాం అంటున్నారు. నాకేమో ఒక్కో వాల్వుకీ ఎత్తు విడిగా కొలిచి, పెరిగినంతే వేయాలనిపిస్తోంది. షిమ్ ఎక్కువైతే వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు చుట్లు ఒకదానికొకటి తగిలి పుష్ రాడ్ (క్యామ్ కదలికను వాల్వు వైపు పంపే కడ్డీ) వంగుతుందేమోనని టెన్షన్. చుట్ల మధ్య మొత్తం ఎంత ఖాళీ మిగలాలి? మామూలు వెర్నియర్‌తో దాన్ని ఎలా కొలుస్తారు?

షాపులో గట్టి స్ప్రింగులు కూడా చూపించారు. ఇంజిన్ ఎప్పుడూ 1500 ఆర్‌పీఎమ్ దగ్గరే తిరుగుతుంది. ఆ వేగానికి అంత బిగువు అక్కర్లేదని, క్యామ్ ఊరికే అరుగుతుందని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఇంకొకటి, కొత్త స్ప్రింగులకు ఒక చివర చుట్లు దగ్గరగా ఉన్నాయి. ఆ చివర హెడ్ వైపుకే కదా? ఇలాంటి హెడ్లు చేసినవాళ్లు దయచేసి చెప్పండి, చెరువులో రొయ్య కౌంటుకొచ్చింది (పట్టే సైజుకు వచ్చింది).